మరియానా స్నెయిల్‌ఫిష్: 8 కిలోమీటర్ల లోతులో బతికే బుల్లి గులాబీ చేప గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఇదేం చేప?

పసిఫిక్ మహాసముద్రం పడమటి వైపు మరియానా ట్రెంచ్ అని ఒక పొడవాటి లోయ ఉంది కదా, ప్రపంచంలో అన్నిటికన్నా లోతైనది, ఆ లోయ గోడల మీద, అడుగున ఉండే చేప ఇది. సైన్స్ పేరు సూడోలిపారిస్ స్వైరై. లిపారిడే అనే కుటుంబం, ఇంగ్లీషులో స్నెయిల్‌ఫిష్ అంటారు, మనం కావాలంటే నత్తచేప అనుకోవచ్చు. ఈ కుటుంబంలో 400కి పైగా జాతులున్నాయి, కొన్నైతే ఒడ్డున రాళ్ల మధ్య అల వెనక్కెళ్లినప్పుడు మిగిలే చిన్న చిన్న నీటి గుంటల్లో కూడా ఉంటాయి. ఒకే కుటుంబంలో ఒకడు మోకాలి లోతులో, ఇంకొకడు 8 కిలోమీటర్ల కింద! చేపల్లో ఇంత తేడా ఉన్న కుటుంబం ఇంకోటి లేదు.

దీన్ని కొత్త జాతిగా 2017లో ప్రకటించారు. మెకెంజీ గెరింజర్, థామస్ లిన్లీ, అలన్ జేమీసన్, జెఫ్రీ డ్రేజన్ వాళ్ల టీమ్. అంతకుముందే 2014లో కెమెరాకి చిక్కింది, ట్రాప్‌లోనూ పడింది కానీ పేరు పెట్టడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

చూడ్డానికి ఎలా ఉంటుంది? భయంకరంగా ఉంటుందా?

అస్సలు కాదు. లోతు సముద్రం చేప అనగానే అందరికీ పెద్ద పెద్ద కోరలు, నెత్తి మీద లైటు, గుడ్లురిమే కళ్ళు గుర్తొస్తాయి, నేనూ మొదట అలాగే ఊహించుకున్నా. తీరా వీడియో చూస్తే ఇదొక పెద్ద సైజు తోకకప్ప. తల గుండ్రంగా, ఒళ్ళు వెనక్కి పోయేకొద్దీ సన్నబడి రిబ్బన్‌లా అయిపోతుంది. పొలుసులు లేవు. రంగు లేత గులాబీ, కొంచెం పారదర్శకం కూడా, లైటు పడితే చర్మం లోంచి కండలు, పొట్టలో కాలేయం కనిపిస్తాయి. రెండు చిన్న నల్ల చుక్కల్లాంటి కళ్ళు. మూతి చూస్తే ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది.

సైజు కూడా పెద్దదేం కాదు. జాతిని వర్ణించడానికి వాడిన వాటిలో చిన్నది 9 సెంటీమీటర్ల దగ్గర, పెద్దది 23.5 సెంటీమీటర్లు, అదీ తోక రెక్క కలపకుండా. అంటే పెద్దదైనా రెండు చేతుల్లో పెట్టుకోవచ్చు.

నత్తకీ దీనికీ ఏం సంబంధం?

చుట్టరికం ఏం లేదు. మెత్తగా, జారుడుగా, నత్త ఒళ్ళులా ఉంటుందని ఆ పేరు. ఈ కుటుంబంలో చాలా జాతులకి పొట్ట కింద, అంటే మామూలు చేపలకి కటి రెక్కలుండే చోట, చిన్న సక్కర్ లాంటి చక్రం ఉంటుంది. ఒడ్డున ఉండేవి దాంతో రాళ్లకి అతుక్కుని అలల దెబ్బకి కొట్టుకుపోకుండా ఉంటాయి. మన మరియానా చేపకి కూడా ఆ చక్రం ఉంది.

స్వైరై అని ఎవరి పేరు?

ఇది బాగుంటుంది, కొంచెం వివరంగా చెప్తా. హెర్బర్ట్ స్వైర్ అని బ్రిటిష్ నేవీ ఓడ హెచ్ఎంఎస్ ఛాలెంజర్‌లో నావిగేషన్ చూసిన కుర్ర ఆఫీసరు. ఆ ఓడ 1872 నుంచి 1876 దాకా ప్రపంచమంతా తిరిగి సముద్రాల లోతు కొలిచింది, అడుగున ఏముందో తవ్వి చూసింది. 1875 మార్చి 23న మరియానా దీవులకి దక్షిణాన ఆగి తాడుకి బరువు కట్టి వదిలితే 4,475 ఫాదమ్‌లు వచ్చింది, అంటే దాదాపు 8,184 మీటర్లు. ట్రెంచ్ అనే సంగతి మనుషులకి మొదట తెలిసింది అలా.

ఇందులో నాకు భలే నచ్చిన విషయం ఏంటంటే, ఈ చేప ఇప్పటిదాకా కెమెరాకి కనపడిన అత్యధిక లోతు 8,178 మీటర్లు. ఆ రోజు ఆ తాడు ఆగిన లోతుకీ ఈ చేప లక్ష్మణరేఖకీ తేడా పట్టుమని పది మీటర్లు లేదు. అనుకోకుండా జరిగిందే అనుకోండి, కానీ పేరు మాత్రం భలే కుదిరింది.

కరెక్ట్‌గా ఎంత లోతులో ఉంటుంది?

ట్రాపుల్లో పట్టినవి 6,898 నుంచి 7,966 మీటర్ల మధ్య దొరికాయి. కెమెరాలో 8,178 మీటర్ల దగ్గర కనిపించింది, అది 2017లో జపాన్ వాళ్లు తీసిన వీడియో. సముద్రంలో 6,000 మీటర్లు దాటిన భాగాన్ని హేడల్ జోన్ అంటారు, గ్రీకుల పాతాళ దేవుడు హేడీస్ పేరు మీద. అంటే అచ్చంగా పాతాళ లోకం. ఈ జోన్ దాదాపు అంతా ట్రెంచ్‌లలోనే ఉంటుంది, సముద్రం అడుగు మామూలుగా 4 నుంచి 6 వేల మీటర్ల దగ్గర ఆగిపోతుంది కాబట్టి.

అక్కడ నీళ్ల టెంపరేచర్ 1 నుంచి 2.5 డిగ్రీల మధ్య. సూర్యుడి వెలుతురు సున్నా, పగలూ రాత్రీ తేడా లేదు, ఎండాకాలం చలికాలం లేవు. అడుగంతా మెత్తటి బురద, గోడల మీద అక్కడక్కడ రాళ్లు.

అంత ప్రెషర్‌లో నలిగిపోదా?

అందరూ అడిగే ప్రశ్న ఇదే. 8,000 మీటర్ల దగ్గర ప్రెషర్ మన చుట్టూ ఉండే గాలి ప్రెషర్‌కి సుమారు 800 రెట్లు. మీ బొటనవేలి గోరు మీద, అంటే ఒక చదరపు సెంటీమీటరు అనుకుందాం, దాని మీద 800 కిలోలు, అంటే ఓ చిన్న కారు నిలబెట్టినట్టు.

మరి ఎందుకు నలగదు అంటే, నలగడానికి లోపల ఖాళీ ఉండాలి కదా. గాలి ఉన్నచోటే ప్రెషర్ నొక్కగలదు. చాలా చేపలకి పొట్టలో గాలితిత్తి ఉంటుంది, దాంతోనే అవి మునగకుండా తేలకుండా బ్యాలెన్స్ చేసుకుంటాయి. ఈ కుటుంబానికి అది లేనే లేదు. ఒళ్ళంతా నీళ్లు, జెల్లీ, కండ. లోపలా అదే ప్రెషర్, బయటా అదే ప్రెషర్, కాబట్టి పిండేసే సీనే లేదు. నీళ్ల బెలూన్‌ని నీళ్ల తొట్టి అడుక్కి తోస్తే ఏమవుతుంది? ఏమీ అవదు. అలాగే.

కానీ కథ అక్కడితో అయిపోలేదు, అసలు గొడవ కంటికి కనపడని లెవెల్లో ఉంది. ప్రతి జీవి ఒంట్లో ప్రోటీన్లు ఒక షేపులో మడత పడి ఉంటాయి, పని చేసేటప్పుడు ఆ షేపు కొంచెం తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది, విపరీతమైన ప్రెషర్ వస్తే నీటి అణువులు ఆ మడతల్లోకి దూరిపోయి ప్రోటీన్ కదలకుండా, లేకపోతే షేపు చెడిపోయేలా చేస్తాయి. అప్పుడు ఎంజైమ్‌లు పని చేయవు, నరాలు పని చేయవు, ప్రాణి చచ్చిపోతుంది, బయటికి మాత్రం ఒళ్ళు నలిగినట్టే ఉండదు. సెల్ చుట్టూ ఉండే కొవ్వు పొర కూడా ప్రెషర్‌కీ చలికీ గట్టిపడిపోతుంది.

దీనికి మందు టీఎంఏఓ అనే పదార్థం, పూర్తి పేరు ట్రైమిథైలమీన్ ఆక్సైడ్. ఇది ప్రోటీన్ చుట్టూ ఉన్న నీటిని పద్ధతిగా పట్టి ఉంచుతుంది, ప్రోటీన్ షేపు చెడకుండా కాపాడుతుంది. సముద్రపు చేపలన్నిట్లో ఎంతో కొంత ఉంటుంది, లోతు పెరిగేకొద్దీ ఎక్కువ ఉంటుందని చాలా ఏళ్లుగా కొలుస్తూ వచ్చారు. చేప చచ్చాక ముక్కు మూసుకోవాల్సిన ఆ నీచు వాసన వస్తుంది చూడండి, అది ఈ పదార్థం విరిగిపోయి ట్రైమిథైలమీన్ అవడం వల్లే. ఆ లెక్కన లోతు చేప చచ్చాక మామూలు చేపకన్నా ఘాటుగా కంపు కొట్టాలి!

2019లో ఒక చైనా టీమ్ ఈ చేప జీనోమ్, అంటే దాని జీన్లన్నీ కలిపిన మొత్తం రాత, చదివింది. ఈ పదార్థాన్ని తయారు చేసే ఎఫ్ఎంఓ3 అనే జీన్‌కి ఇందులో ఒకటి కాదు ఐదు కాపీలున్నాయి. సెల్ పొరని మెత్తగా ఉంచే కొవ్వుల పనులు చూసే జీన్లలో కూడా కొన్నిటి కాపీలు పెరిగాయి. అలాగని విషయం తేలిపోయిందని కాదు, 2025లో వచ్చిన ఇంకో పెద్ద స్టడీలో 6,000 మీటర్లు దాటాక చేపల్లో టీఎంఏఓ అనుకున్నంతగా పెరగడం లేదని చూపించారు, ఆర్టీఎఫ్1 అనే ఇంకో జీన్‌లో ఒకే రకం మార్పు వేరు వేరు లోతు చేపల్లో విడివిడిగా వచ్చిందని కూడా చెప్పారు. కాబట్టి ఒక్క పదార్థమే మొత్తం కథ అని ఎవరైనా చెప్తే కొంచెం ఆగి వినండి.

ఎముకలు లేవట కదా?

ఉన్నాయి, కానీ పూర్తిగా గట్టిపడలేదు. పుర్రె అయితే పూర్తిగా మూసుకోలేదు, మధ్యలో ఖాళీలున్నాయి. ఎముకకి కాల్షియం పట్టడంలో పాత్ర ఉన్న బీజీఎల్ఏపీ అనే జీన్ ఇందులో మధ్యలోనే తెగిపోయి పని చేయకుండా పోయింది, అందుకే చాలా భాగం మృదులాస్థిలాగే మిగిలిపోయిందని ఆ 2019 పేపర్లోనే రాశారు. మన నెత్తి మీద పుర్రె ఇలా తెరిచి ఉంటే చాలా పెద్ద జబ్బు, దీనికి మాత్రం అదే సుఖం. బరువు తగ్గుతుంది, గాలితిత్తి లేని చేపకి తేలడానికి అది కూడా కలిసొస్తుంది.

ఒంట్లో జెల్లీ ఎందుకు?

చర్మం కింద, కండల మధ్య నీళ్ల లాంటి ఒక జెల్లీ పొర ఉంటుంది. గెరింజర్ వాళ్లు 2017లో దీని మీద విడిగా పని చేశారు. జెల్లీలో దాదాపు అంతా నీళ్లే, కొవ్వూ ప్రోటీనూ బాగా తక్కువ, కాబట్టి ఒళ్ళు పెంచుకోవడానికి ఖర్చు తక్కువ. తిండి దొరకని చోట ఇదే కదా తెలివి, కండ పెంచడం కన్నా నీళ్లు నింపుకోవడం చవక. పైగా సముద్రపు నీటికన్నా కొంచెం తేలిక, తేలడానికి పనికొస్తుంది.

ఇంకోటి కూడా చూశారు. పెద్ద తల నుంచి సన్నటి తోక దాకా షేపు నున్నగా ఉండాలంటే మధ్యలో ఏదో నింపాలి, లేకపోతే తల వెనకాల నీళ్లు సుడి తిరిగి ఈదడం కష్టం. ఒక చిన్న రోబో చేపని చేసి, దాని తోక చుట్టూ నింపి ఒకసారి, నింపకుండా ఒకసారి ఈదించారు. నింపినప్పుడు వేగంగా వెళ్లింది. అంటే అది ఉత్త పొట్టు కాదు, ఈతకి కావాల్సిన పరికరమే.

ఈ మెత్తదనం చూసి ఇంజినీర్లకి కూడా ఐడియా వచ్చింది. 2021లో చైనా వాళ్లు స్నెయిల్‌ఫిష్ పుర్రె ఎముకలు విడివిడిగా ఉండటం చూసి, ఎలక్ట్రానిక్ పార్టులని ఒకే డబ్బాలో బిగించకుండా విడివిడిగా మెత్తటి సిలికాన్‌లో పెట్టి ఒక రోబో చేశారు, అది మరియానా ట్రెంచ్‌లో 10,900 మీటర్ల దగ్గర రెక్కలాడించింది. లోతుకి వెళ్లాలంటే మందపాటి ఇనుప గోళం కావాలనే చోట ఈ మెత్తటి బొమ్మ ఆడించి చూపించింది.

ఏం తింటుంది? అక్కడ తినడానికేం ఉంటుంది?

మొదట్లో అందరూ అక్కడ ఏమీ ఉండదనే అనుకున్నారు. తీరా చూస్తే ట్రెంచ్ అంటే ఒక పెద్ద గరాటు. పైనుంచి చచ్చిన ప్లాంక్టన్ (నీళ్లలో తేలే బుల్లి జీవులు), పెంటికలు, కళేబరాల ముక్కలు మెల్లగా మంచులా రాలుతూ ఉంటాయి, భూకంపం వచ్చినప్పుడు గోడల మీది బురద జారి అడుక్కి చేరుతుంది, దాంతోపాటు తిండీ చేరుతుంది. ఆ తిండి మీద ఆంఫిపాడ్లు బతుకుతాయి, రొయ్యకి దూరపు చుట్టాల్లాంటి చిన్న పురుగులు, లోతుకెళ్లేకొద్దీ వేలకి వేలు. మన చేప వాటిని తింటుంది. కడుపు కోసి చూసిన చేపల్లో దాదాపు అన్నిట్లో ఆంఫిపాడ్లే, అప్పుడప్పుడు రొయ్యలు.

వేట ఎలా చేస్తుందో 2014 నాటి కెమెరా వీడియోల్లో చూడొచ్చు. కెమెరా ముందు ఒక కడ్డీకి ఎరగా మాకెరెల్ చేప కట్టి ఉంటుంది. ముందు ఆంఫిపాడ్లు వస్తాయి, కాసేపటికి ఎర చేప కనపడనంతగా కప్పేస్తాయి, ఒళ్ళంతా కదులుతున్నట్టు ఉంటుంది. ఇంకొంచెం సేపయ్యాక చీకట్లోంచి ఒక తెల్లటి మచ్చ, తొందరేం లేదు, తోక అలా అలా ఊపుకుంటూ వస్తుంది. ఎర వైపు చూడదు. దాని చుట్టూ తిరిగే పురుగుల దగ్గర ఆగి, మూతి ముందుకు పెట్టి, చటుక్కున పీల్చేస్తుంది, పురుగు మాయం. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి. ఎర కట్టింది ఎవరికో, పండగ ఎవరికో అన్నట్టు ఉంటుంది.

నోట్లో పడ్డాక పని గొంతులో. దీనికి రెండు సెట్ల దవడలు. ముందువి పీల్చి పట్టుకోవడానికి, గొంతు లోపల ఉన్న రెండో సెట్టు పళ్ల పలకలతో పురుగు పెంకుని నలిపెయ్యడానికి. చూడ్డానికి జెల్లీ ముద్ద, లోపల మాత్రం రోలూ రోకలీ.

చీకట్లో ఎలా కనిపెడుతుంది? కళ్ళు పని చేస్తాయా?

కళ్ళున్నాయి కానీ చిన్నవి, జీనోమ్‌లో చూస్తే చూపుకి కావాల్సిన జీన్లు చాలా పోయాయి. కెమెరా లైటు నేరుగా కొట్టినా పెద్దగా పట్టించుకోదు, బెదిరి పారిపోదు. వెలుతురే లేని ఇంట్లో కిటికీలు మూసేసుకున్నట్టు. బదులుగా తల మీద చిన్న చిన్న రంధ్రాలుంటాయి, లోపల నీటి కదలికని పసిగట్టే ఏర్పాటు. ఆంఫిపాడ్లు ఊరికే ఉండవు, ఎప్పుడూ గిలగిల కొట్టుకుంటూ ఈదుతాయి, ఆ కదలికే వాటి కొంప ముంచుతుంది.

దీన్ని తినేవాళ్లు ఎవరూ లేరా?

ఉన్నారు, కానీ పైన. 6,000 నుంచి 7,000 మీటర్ల దాకా రాట్‌టెయిల్, కస్క్ ఈల్ అనే పెద్ద చేపలు తిరుగుతుంటాయి. వాటికి కిందికి వచ్చే శక్తి లేదు. అవి ఆగిపోయిన చోటు నుంచి దీని రాజ్యం మొదలవుతుంది, పోటీ లేదు, శత్రువు లేదు, కావాల్సినంత తిండి. 24 సెంటీమీటర్లు కూడా లేని జెల్లీ చేప ఆ లోయలో టాప్ ప్రిడేటర్! నన్నడిగితే ఈ చేప గురించి ఒక్క ముక్క గుర్తుపెట్టుకోవాలంటే ఇదే పెట్టుకోవాలి, అంత కిందికి వెళ్లింది కష్టపడటానికి కాదు, హాయిగా తినడానికి.

గుడ్లు పెడుతుందా? పిల్లలు ఎక్కడుంటాయి?

గుడ్లే. కానీ పెద్దవి, ఒక్కో గుడ్డు దాదాపు 1 సెంటీమీటరు దాకా, అంత చిన్న చేపకి అది చాలా ఎక్కువ. లక్షల్లో బుల్లి గుడ్లు వదిలేసి అదృష్టం మీద వదిలేసే చేపల్లా కాదు, కొన్నే పెడుతుంది, ఒక్కోదాంట్లో బాగా సొన పెడుతుంది, పిల్ల బయటికొచ్చేసరికే కొంచెం బలంగా ఉంటుంది.

పిల్లల విషయం తమాషాగా ఉంటుంది. చాలా లోతు చేపల్లో పిల్లలు పైన పెరిగి పెద్దయ్యాక కిందికి దిగుతాయి. హేడల్ స్నెయిల్‌ఫిష్‌లలో ఉల్టా, పిల్లలే అందరికన్నా కింద కనపడతాయి. పైనుండే పెద్ద చేపలకి దూరంగా ఉండటానికి అని జేమీసన్ చెప్పే మాట.

మరి ట్రెంచ్ అడుగు దాకా, 11 వేల మీటర్ల దాకా ఎందుకు వెళ్లదు?

మంచి ప్రశ్న. ట్రెంచ్‌లో అన్నిటికన్నా లోతైన ఛాలెంజర్ డీప్ లోతు 10,900 మీటర్లకన్నా ఎక్కువ. అక్కడ ఆంఫిపాడ్లున్నాయి, సముద్ర దోసకాయలు అనే ప్రాణులున్నాయి, చేప మాత్రం ఒక్కటీ లేదు. తిండి లేక కాదు, కింద ఇంకా ఎక్కువే ఉంది.

పాల్ యాన్సీ అనే సైంటిస్టు, ఆయన టీమ్ 2014లో దీనికి ఒక లెక్క చెప్పారు. ఎముకలున్న చేపల రక్తంలో ఉప్పు సముద్రపు నీళ్లలో ఉన్నంత ఉండదు, తక్కువ. టీఎంఏఓ కలిపేకొద్దీ ఒంట్లో కరిగి ఉన్న పదార్థం మొత్తం పెరుగుతూ పోతుంది, ఒక దగ్గర సముద్రపు నీటితో సమానం అయిపోతుంది, అది 8,200 మీటర్ల దగ్గర వస్తుందని గ్రాఫ్ గీసి చూపించారు. ఇంకా కిందికెళ్తే ఇంకా పోయాలి, అప్పుడు నీళ్లు ఉల్టా ఒంట్లోకి దూరడం మొదలవుతుంది, చేప కిడ్నీలూ మొప్పలూ తరతరాలుగా అలవాటు పడింది నీళ్లు బయటికి పోకుండా ఆపడానికి, లోపలికొచ్చే నీళ్లని తోడెయ్యడానికి కాదు. అందుకే 8,200 నుంచి 8,400 మధ్య గీత గీశారు. పైన చెప్పిన 2025 స్టడీ తర్వాత కారణం మీద చర్చ నడుస్తోంది కానీ, ఆ గీత దాటి ఏ చేపా ఇప్పటిదాకా కెమెరాకి దొరకలేదు.

1960లో అడుగున చేపని చూశామన్నారు కదా?

జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ ట్రియెస్ట్ అనే వాహనంలో ఛాలెంజర్ డీప్‌కి దిగినప్పుడు బల్లపరుపు చేప ఒకటి కనిపించిందన్నారు. ఫోటో లేదు. ఎక్కువమంది సైంటిస్టులు అది సముద్ర దోసకాయ లాంటిదేదో అయి ఉంటుందంటారు. అలాగే 1970లో ప్యూర్టోరికో ట్రెంచ్‌లో 8,370 మీటర్ల దగ్గర నుంచి ఒక కస్క్ ఈల్‌ని వలలో పట్టామని రికార్డు ఉంది, కానీ ఆ వల మూతి తెరిచే ఉంటుంది, పైకి లాగేటప్పుడు దారిలో ఎక్కడైనా పడి ఉండొచ్చు. పాత పుస్తకాల్లో, క్విజ్‌లలో ఇంకా అదే జవాబు ఉంటుంది, జాగ్రత్త.

అయితే ప్రపంచంలోనే లోతైన చేప ఇదేనా?

కొన్నేళ్లు ఇదే. తర్వాత 2022లో జపాన్ దగ్గర ఇజు-ఒగసవారా ట్రెంచ్‌లో ఇదే సూడోలిపారిస్ ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకి) చెందిన చిన్న పిల్ల చేప ఒకటి 8,336 మీటర్ల దగ్గర కెమెరాలో పడింది. జపాన్ ట్రెంచ్‌లో 8,022 మీటర్ల దగ్గర ట్రాప్‌లో రెండు బెల్యావీ అనే జాతి చేపలు దొరికాయి, 8,000 దాటాక చేతికి చిక్కిన మొదటి చేపలు అవే. ఈ వివరాలు 2023లో బయటికి చెప్పారు. ఇజు-ఒగసవారా ట్రెంచ్‌లో నీళ్లు మరియానా కన్నా రవ్వంత వెచ్చన, అందుకే ఇంకొంచెం కిందికి వెళ్లగలవని జేమీసన్ వాళ్లు ముందే ఊహించి కెమెరా అక్కడ దింపారు. రికార్డు పోయినా పోయింది సొంత చుట్టాలకే కాబట్టి పర్లేదు.

వేరే ట్రెంచ్‌లలో కూడా ఉంటాయా?

మరియానాలో ఉండే జాతి వేరు, మిగతా వాటిలో వేరు వేరు జాతులు. 2008లో జపాన్ ట్రెంచ్‌లో 7,700 మీటర్ల దగ్గర ఒకేసారి గుంపుగా స్నెయిల్‌ఫిష్‌లు వీడియోలో కనిపించి అందరూ నోరెళ్లబెట్టారు. న్యూజిలాండ్ పైన కెర్మడెక్‌లో ఒక జాతి, చిలీ దగ్గర అటకామాలో నీలం రంగు చిన్న జాతి ఒకటి. ఒక్కో ట్రెంచ్ ఒక్కో దీవి లాంటిది, మధ్యలో ఉన్న తక్కువ లోతు మైదానం వీటికి దాటరాని సముద్రం.

జీనోమ్ లెక్క ప్రకారం మన చేప, తీరంలో ఉండే తన చుట్టం తనకా స్నెయిల్‌ఫిష్ నుంచి విడిపోయి సుమారు 2 కోట్ల ఏళ్లయింది.

అంత లోతు నుంచి ఎలా పడతారు?

గాలం, తాడు ఏం లేవు. లాండర్ అంటారు, ఒక ఫ్రేముకి కెమెరా, లైట్లు, ట్రాప్, ఎర, కింద ఇనుప బరువులు, పైన తేలే గోళాలు కట్టి ఓడ మీంచి నీళ్లలోకి వదిలేస్తారు, అంతే. అడుక్కి చేరడానికి సుమారు 4 గంటలు. 12 నుంచి 24 గంటలు అక్కడే కూర్చుంటుంది. తర్వాత ఓడ నుంచి శబ్దంతో సిగ్నల్ పంపితే బరువులు విడిపోతాయి, ఫ్రేము తేలుకుంటూ పైకొస్తుంది. మధ్యలో ఏదైనా పట్టుకుపోతే లక్షల ఖరీదు కెమెరా అక్కడే.

పైకొచ్చాక చేప పేలిపోతుందా?

గాలితిత్తి లేదు కాబట్టి పేలదు. కానీ బతకదు కూడా. ప్రెషర్ పోవడం ఒకటైతే పైన ఉండే వెచ్చటి నీళ్లు ఇంకొకటి, జెల్లీ చాలా తొందరగా మెత్తబడి షేపు జారిపోతుంది, అందుకే రాగానే ఐసు నీళ్లలో పెట్టి గబగబా ఫోటోలు తీసి కొలతలు తీసుకుంటారు. అక్వేరియంలో పెంచడం అనే ఆలోచన మానుకోండి.

ఆ ముక్కు వేలాడే గులాబీ చేప ఫోటో ఇదేనా?

కాదు, అది బ్లాబ్‌ఫిష్. దూరపు చుట్టం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దగ్గర 600 నుంచి 1,200 మీటర్ల లోతులో ఉంటుంది. ఆ ఫోటోలో అంత దీనంగా ఉన్నది పైకి లాగాక షేపు పాడైపోయి. నెత్తి మీద దీపం ఉండేది యాంగ్లర్‌ఫిష్, అదీ ఇంత లోతు రాదు. షేర్ చేసేముందు ఒకసారి చూసుకోండి.

మనుషుల వల్ల దీనికి ఏమైనా ప్రమాదం ఉందా?

ట్రెంచ్‌లో కొంత భాగం 2009 నుంచి అమెరికా రక్షణ కింద మెరైన్ నేషనల్ మాన్యుమెంట్. వలలు అంత కిందికి రావు. కానీ చెత్త వస్తుంది. 2017లో జేమీసన్ వాళ్లు మరియానా ఆంఫిపాడ్ల ఒంట్లో పీసీబీలు కనిపెట్టారు, ఎప్పుడో దశాబ్దాల కింద నిషేధించిన కెమికల్స్ అవి. 2019లో అదే ట్రెంచ్‌లోని ఆంఫిపాడ్ల పొట్టలు చూస్తే టెస్ట్ చేసిన ప్రతి దాంట్లో ప్లాస్టిక్ లేదా సింథటిక్ పోగులు. 2020లో ఒక కొత్త ఆంఫిపాడ్ జాతికి ఏకంగా యూరిథీనిస్ ప్లాస్టికస్ అని పేరే పెట్టాల్సి వచ్చింది, పొట్టలో నీళ్ల సీసాల ప్లాస్టిక్ దొరికింది కాబట్టి.

మన చేప రోజూ పీల్చుకు తినేది ఆ పురుగుల్నే.